ఎలక్ట్రోలెస్ నికెల్ రిన్స్ నీటికి చీలేటింగ్ రెసిన్: ఒక ప్లేటింగ్ యూనిట్ కేస్ స్టడీ

హైదరాబాద్ చుట్టూ ఉన్న బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో యంత్రభాగాలకు లోహపు పూత వేసే చిన్న, మధ్యతరహా యూనిట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక యూనిట్‌లో పూత తర్వాత భాగాలను కడిగిన నీటి (రిన్స్ నీరు) నుంచి సున్నంతో నికెల్‌ను అవక్షేపంగా అడుగుకు దించే పాత శుద్ధి పద్ధతి ఫలితం ఇవ్వని పరిస్థితి వచ్చింది. అప్పుడు లోహాన్ని పట్టుకునే ఇమినోడైఅసిటేట్ అనే రసాయన సమూహాలను అమర్చిన కృత్రిమ పాలిమర్ రెసిన్‌తో కాలమ్‌లు పెట్టి నికెల్‌ను పట్టడమే కాక, దాన్ని తిరిగి వాడకంలోకి తేగలిగాము. ఆ పని వివరాలే ఇక్కడ రాస్తున్నాను. యూనిట్ పేరు ఇవ్వడం లేదు. ప్రవాహం, గాఢత వంటి అంకెలు డిజైన్‌కు తీసుకున్న సగటు విలువలు. రోజువారీ విలువలు వాటికి కొంత అటూ ఇటూగా ఉండేవి.

ఈ యూనిట్‌లో రెండు లైన్లు ఉన్నాయి. ఒకటి కరెంటుతో నడిచే వాట్స్ బాత్ (బాత్ అంటే పూత ద్రావణపు ట్యాంకు). అందులో నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆమ్లం ఉంటాయి. రెండోది తర్వాతి కాలంలో పెట్టిన ఎలక్ట్రోలెస్ లైను. హైడ్రాలిక్ వాల్వు బాడీల లోపలి రంధ్రాల్లోనూ పూత ఒకే మందంతో పడాలంటే కరెంటు లేని ఈ పద్ధతే సరైనది. ఇక్కడ లోహాన్ని పూతగా దించేది సోడియం హైపోఫాస్ఫైట్. బాత్‌లో లీటరుకు సుమారు 6 గ్రాముల నికెల్ ఉంటుంది, వేడి 85 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య, పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య ఉంటాయి. ఆ వేడిలో నికెల్ తనంతట తాను అవక్షేపంగా మారి బాత్ విరిగిపోకుండా ఉండేందుకు సిట్రిక్, లాక్టిక్ వంటి ఆమ్లాలు కలుపుతారు. అవి నికెల్ అయాన్‌ను చుట్టి పట్టుకుని ద్రావణంలోనే నిలుపుతాయి. బాత్‌కు ప్రాణమైన ఈ గుణమే ఈటీపీకి (వ్యర్థజల శుద్ధి విభాగానికి) చేరేసరికి సమస్య అయింది.

ఈటీపీ మామూలుదే: సేకరణ ట్యాంకు, సున్నం డోసింగ్, పాలీఎలక్ట్రోలైట్, సెట్లర్ (అవక్షేపం అడుగుకు దిగే తొట్టి), ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు. వాట్స్ లైను ఒక్కటే ఉన్న కాలంలో పీహెచ్‌ను 10 దాటిస్తే చాలు, నికెల్ హైడ్రాక్సైడ్‌గా దిగిపోయి పైనీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల పరిమితిలోపే ఉండేది. మన దేశంలో ఎలక్ట్రోప్లేటింగ్ పరిశ్రమల వ్యర్థజలానికి నికెల్ పరిమితి ఆ 3 మిల్లీగ్రాములే. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500:2012 అనుమతించేది లీటరుకు 0.02 మిల్లీగ్రాములు. అంటే పరిమితిని సరిగ్గా అందుకున్న వ్యర్థజలంలో కూడా తాగునీటిలో ఒప్పుకునేదానికి 150 రెట్ల నికెల్ ఉండవచ్చు. అందుకే 2.9 వచ్చిందని తృప్తిపడే పద్ధతి నాకు ఎన్నడూ నచ్చదు. నికెల్ సమ్మేళనాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1990లోనే మనుషుల్లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చర్మానికి అది తెచ్చే దురద, పొక్కులు ఏ ప్లేటింగ్ షెడ్డుకు వెళ్లినా కార్మికుల ముంజేతుల మీద కనిపిస్తాయి.

ఎలక్ట్రోలెస్ లైను మొదలైన తర్వాత శుద్ధి చేసిన నీటిలో నికెల్ లీటరుకు 10 మిల్లీగ్రాముల చుట్టూ నిలిచిపోయింది. యూనిట్‌వారు చేసింది అందరూ చేసేదే, సున్నం పెంచారు. పీహెచ్ 11.5కు చేరినా నికెల్ తగ్గలేదు. స్లడ్జ్ (అడుగున చేరే బురద) మాత్రం ఇబ్బడిముబ్బడిగా పెరిగింది. ఈ స్లడ్జ్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది, దాన్ని దుండిగల్‌లోని సురక్షిత పూడ్పు కేంద్రానికి పంపాలి. బరువును బట్టి డబ్బు కట్టాలి కనుక, నికెల్‌ను పట్టని సున్నానికి కూడా పూడ్పు ఖర్చు పడుతూ వచ్చింది.

నికెల్‌ను పట్టి ఉంచుతున్నది ఏది?

ఇలాంటి చోట రెసిన్ కేటలాగు తెరవడానికి ముందు తేల్చవలసిన ప్రశ్న ఒకటుంది. మిగిలిన నికెల్ సెట్లర్‌లో దిగని సన్నని రేణువుల రూపంలో ఉందా, లేక నిజంగా కరిగే ఉందా? సెట్లర్ పైనీటిని 0.45 మైక్రాన్ పొరతో వడకట్టి, వడకట్టక ముందు, వడకట్టిన తర్వాత నికెల్ కొలిపించాము. రెండింటికీ తేడా స్వల్పం. అంటే నికెల్‌లో ఎక్కువ భాగం కరిగే ఉంది, కాబట్టి ఫిల్టర్లు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తర్వాత డైమిథైల్‌గ్లయాక్సిమ్ పరీక్ష. వడకట్టిన నీటిలో కొన్ని చుక్కల అమ్మోనియా, ఆపై ఆ కారకం ఆల్కహాల్ ద్రావణం వేస్తే నికెల్ ఉన్నప్పుడు గులాబీ రంగు తేలి చిక్కటి ఎర్రటి అవక్షేపంగా మారుతుంది. ఇక్కడ ఎరుపు వెంటనే వచ్చింది. నికెల్‌ను పట్టి ఉంచినది ఈడీటీఏ లాంటి గట్టి సమ్మేళనకారి (లోహ అయాన్‌ను చుట్టి పట్టుకునే రసాయనం) అయితే ఎరుపు రాకపోవచ్చు, లేదా బాగా మందగించవచ్చు. ఇది నిర్ధారణ కాదు, సూచన మాత్రమే. కానీ రసాయనాల కొనుగోలు పుస్తకం కూడా ఆ సూచననే బలపరిచింది. ఎలక్ట్రోలెస్ లైనులో సిట్రేట్, లాక్టేట్ ఉన్నాయి, ఈడీటీఏ లేదు. ఏ ప్లేటింగ్ యూనిట్‌లోనైనా ప్రయోగశాల నివేదిక కన్నా ముందు స్టోర్స్ రిజిస్టరు చూడమని నా సలహా. నీటిలో ఏముందో అందులో సగం రాసే ఉంటుంది.

ఈ తేడాకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, నికెల్‌కు ఒక్కొక్క సమ్మేళనకారితో ఉండే బంధం బలం ఒక్కో స్థాయిలో ఉంటుంది. స్థిరత్వ స్థిరాంకాన్ని లాగరిథమ్‌లో చెబితే సిట్రేట్‌తో సుమారు 5.4, ఇమినోడైఅసిటిక్ ఆమ్లంతో సుమారు 8, ఈడీటీఏతో సుమారు 18.6. ఈ కొలతలో ఒక్కొక్క అంకె పదింతలు. కనుక ఇమినోడైఅసిటేట్ రెసిన్ సిట్రేట్ చేతిలోంచి నికెల్‌ను లాక్కోగలదు, ఈడీటీఏ చేతిలోంచి లాక్కోలేదు.

మరి సున్నం ఎందుకు ఓడిపోయింది? పీహెచ్ పెరిగేకొద్దీ హైడ్రాక్సైడ్ బలపడుతుందన్నది నిజమే. అయితే ఆ క్షార స్థితిలో సిట్రేట్ కూడా తన ఆమ్ల సమూహాలనే కాక ఆల్కహాల్ సమూహపు హైడ్రోజన్‌ను సైతం వదిలి నికెల్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది, దిగవలసిన హైడ్రాక్సైడ్ రేణువులను పెరగనివ్వదు. పీహెచ్ 5 దగ్గర పరిస్థితి వేరు. సిట్రిక్ ఆమ్లపు మూడు ఆమ్ల సమూహాలు వరుసగా పీహెచ్ 3.1, 4.8, 6.4 దగ్గర హైడ్రోజన్‌ను వదులుతాయి. 5 దగ్గర కొంత హైడ్రోజన్ ఇంకా అంటుకునే ఉంటుంది కాబట్టి నికెల్ మీద దాని పట్టు సడలి ఉంటుంది. ఎలక్ట్రోలెస్ లైను రిన్స్ నీరు సహజంగానే పీహెచ్ 5, 6 మధ్య వస్తుంది. అంటే నికెల్‌ను సులువుగా పట్టగల చోటు రిన్స్ ట్యాంకు పక్కనే ఉండగా, పట్టడం కష్టమయ్యే ఈటీపీ చివర దాని కోసం తంటాలు పడుతున్నారన్నమాట. ఈ కేసులో తీసుకున్న నిర్ణయాలన్నిటికీ మూలం ఈ గ్రహింపే.

రెసిన్ ఎంపిక

స్టైరీన్‌ను డైవినైల్ బెంజీన్‌తో అడ్డుబంధాలు వేసి పాలిమరైజ్ చేస్తే 0.3 నుంచి 1.2 మిల్లీమీటర్ల గుండ్రటి పూసలు వస్తాయి. తయారీ సమయంలోనే రంధ్రకారక ద్రవం కలిపి తర్వాత తీసేస్తే పూస నిండా సన్నని సొరంగాలు ఏర్పడతాయి. ఈ అస్థిపంజరానికి లోహంతో పని లేదు. దాని బెంజీన్ వలయాల మీద ఏ సమూహాన్ని అమర్చామన్నదే పూస స్వభావాన్ని నిర్ణయిస్తుంది. సల్ఫోనిక్ సమూహం పెడితే ధనావేశం ఉన్న ప్రతి అయాన్‌నూ పట్టే మామూలు సాఫ్టనర్ రెసిన్ అవుతుంది. ఇమినోడైఅసిటేట్ పెడితే ఒక నైట్రోజన్, రెండు కార్బాక్సిల్ సమూహాలు కలిసి లోహాన్ని మూడు వైపుల నుంచి పట్టుకునే చీలేటింగ్ రెసిన్ అవుతుంది. దాని ఇష్టాల వరుసలో రాగి ముందుంటుంది, తర్వాత సీసం, నికెల్, జింక్, కాడ్మియం, వాటికి చాలా వెనక కాల్షియం, మెగ్నీషియం, అన్నిటి కన్నా చివర సోడియం. ఈ రకం రెసిన్ లెవాటిట్ టీపీ 207, ప్యూరోలైట్ ఎస్930, మన దేశపు తుల్సియన్ సీహెచ్-90 వంటి పేర్లతో దొరుకుతుంది. సాఫ్టనర్ రెసిన్ కన్నా ధర కొన్ని రెట్లు ఎక్కువ.

ఇతర మార్గాలూ చూశాము. సల్ఫోనిక్ రెసిన్ చవకే కానీ నీటి కాఠిన్యంతోనే, అంటే కాల్షియం, మెగ్నీషియంలతోనే నిండిపోతుంది. కార్బన్ ఈ నికెల్‌ను చెప్పుకోదగ్గంతగా పట్టదు. డైథయోకార్బమేట్ ద్రావణాలు పోస్తే నికెల్ దిగుతుంది, చాలామంది అదే చేస్తున్నారు. కానీ ఆ రసాయనం ఎక్కువైతే చేపలకు విషం, పైగా నికెల్ మళ్లీ స్లడ్జ్‌లోకే పోతుంది. బిస్‌పికోలైల్‌అమైన్ సమూహమున్న రెసిన్ ఆమ్లం బాగా ఎక్కువైన నీటిలోనూ నికెల్‌ను పట్టగలదు. ఈ నీటికి అంత శక్తి అవసరం లేదు, దాని ధర భరించడం కూడా చిన్న యూనిట్ వల్ల కాదు.

కొత్త అధిశోషకాల గురించి వచ్చే పరిశోధనా వ్యాసాలు నేను ఇష్టంగా చదువుతాను, వాటి వల్లే ఈ రంగం ముందుకు వెళుతోంది. కానీ గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు అని వాటిలో కనిపించే గరిష్ఠ సామర్థ్యం చాలాసార్లు స్వచ్ఛమైన నీటిలో ఒకే లోహపు లవణం కరిగించి, బీకరులో గంటల తరబడి కలిపి కొలిచినది. కాలమ్ నడిపేవాడికి కావలసిన అంకె వేరు. నిజమైన వ్యర్థజలం నిర్ణీత వేగంతో పోతున్నప్పుడు, బయటికి వచ్చే నీరు హద్దు దాటే క్షణానికి, ఒక లీటరు బెడ్ (కాలమ్‌లో నింపిన రెసిన్) ఎన్ని గ్రాములు పట్టిందన్నదే అతనికి ముఖ్యం. ఆ అంకె కేటలాగులో దొరకదు, వ్యాసంలోనూ దొరకదు.

అందుకని అదే నీటితో గాజు కాలమ్‌లో పరీక్ష పెట్టాము. 100 మిల్లీలీటర్ల రెసిన్ నింపి గంటకు 500 మిల్లీలీటర్ల చొప్పున, అంటే గంటకు 5 బెడ్ వాల్యూమ్‌ల (రెసిన్ ఘనపరిమాణానికి 5 రెట్లు) వేగంతో నీటిని పంపాము. సాధారణ లోహ లవణాలకు ఈ రెసిన్ రెట్టింపు వేగాన్ని తట్టుకుంటుంది. కానీ సిట్రేట్‌ను వదిలించి నికెల్‌ను తీసుకోవడానికి వ్యవధి పడుతుంది, వేగం పెంచితే నికెల్ పూర్తిగా అంటకుండానే కాస్త కాస్తగా జారిపోతుంది. గాజు గొట్టంలో జరిగేది కంటికి కనిపిస్తుంది. లేత గోధుమరంగు పూసలు పైనుంచి లేత ఆకుపచ్చకు తిరుగుతాయి, ఆ ఆకుపచ్చ పట్టీ రోజురోజుకూ కిందికి దిగుతుంది. పట్టీ అంచు స్పష్టంగా గీత గీసినట్టుంటే వేగం సరిపోయిందని అర్థం. కిందికి పలచగా పరుచుకుపోతే వేగం ఎక్కువైందని అర్థం. ఈ పరీక్షలన్నీ చూశాక డిజైన్‌కు లీటరు రెసిన్‌కు 15 గ్రాముల నికెల్ అని నిర్ణయించుకున్నాము. రెసిన్ వయసు పెరిగేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది కనుక, ఇంకా ఎక్కువ వస్తుందనిపించినా అక్కడే ఆగాము.

కాలమ్‌కు ముందు చేసిన పనులు

రిన్స్ నీరు మొదట లీటరుకు 100 మిల్లీగ్రాముల నికెల్‌తో వస్తుండేది. దాన్ని అలాగే రెసిన్ మీదికి పంపడం డబ్బు వృథా. బాత్ పక్కనే భాగాలకు అంటుకుని వచ్చే ద్రావణాన్ని పట్టే నిలకడ నీటి డ్రాగ్-అవుట్ ట్యాంకు పెట్టించాము. వాల్వు బాడీలు బాత్‌లోంచి లేచాక ముందు అందులో మునుగుతాయి. బాత్ వేడికి నీరు నిరంతరం ఆవిరవుతుంది కాబట్టి, ఆ లోటును ఈ డ్రాగ్-అవుట్ నీటితోనే పూడుస్తారు. అంటుకుని వచ్చిన నికెల్‌లో పెద్ద భాగం ఏ శుద్ధీ లేకుండానే తిరిగి బాత్‌లోకి పోతుంది. ఆ తర్వాత రెండు రిన్స్ ట్యాంకులను ఎదురు ప్రవాహంలో (భాగాలు ఒక దిశలో, నీరు వాటికి ఎదురు దిశలో కదిలేలా) కలిపాము. ఈ మార్పులతో నికెల్ 40 మిల్లీగ్రాములకు, ప్రవాహం గంటకు వెయ్యి లీటర్లకు దిగాయి. రెండు షిఫ్టుల్లో 16 ఘనమీటర్ల నీరు, 640 గ్రాముల నికెల్. రెసిన్ గురించి అడిగే ప్రతి యజమానికీ ముందు ఈ ట్యాంకు పెట్టించమనే చెబుతాను.

అంతకన్నా కఠినంగా పట్టుబట్టిన షరతు ఒకటుంది. పాతబడిన బాత్ ద్రావణం ఒక్క చుక్క కూడా ఈ నీటిలో కలవకూడదు. ఎలక్ట్రోలెస్ బాత్‌లో హైపోఫాస్ఫైట్ నుంచి పుట్టే ఫాస్ఫైట్ పేరుకుపోయి కొంతకాలానికి పారబోయవలసి వస్తుంది. ఆ ద్రావణంలో లీటరుకు 6 గ్రాముల నికెల్ ఉంటుంది కనుక దాని ఒక్క లీటరు 150 లీటర్ల రిన్స్ నీటితో సమానం. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి గుట్టుగా వదిలినా 1.2 కిలోల నికెల్, అంటే ఒక కాలమ్ సామర్థ్యంలో 40 శాతం. ఈ యూనిట్‌లో గతంలో ఆ ద్రావణం రాత్రి షిఫ్టులో కొంచెం కొంచెంగా ఈటీపీలోకి వెళ్తుండేది. ఇప్పుడది వేరుగా డ్రమ్ముల్లో నిల్వ ఉండి అనుమతి ఉన్న రీసైక్లర్‌కు వెళుతోంది.

కాఠిన్యం సంగతి కూడా ముందే చూడాలి. హైదరాబాద్ బోరు నీటిలో కాల్షియం ఎక్కువ. రెసిన్ కాల్షియం కన్నా నికెల్‌నే ఇష్టపడుతుంది, నిజమే. కానీ నికెల్ ఇంకా చేరని అడుగు భాగంలో ఖాళీగా ఉన్న స్థానాలను కాల్షియం ఆక్రమిస్తుంది. ఆ కాలమ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే పూసల మధ్యే జిప్సం గడ్డకడుతుంది. ఒకసారి జిప్సం పట్టిన బెడ్‌ను బాగుచేయడం దాదాపు అసాధ్యం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే ఈ భయం ఉండదు. కానీ మాకు చివరకు కావలసింది సల్ఫేట్ రూపంలో ఉన్న నికెల్. అందుకే ఆమ్లాన్ని మార్చకుండా నీటినే మార్చాము. యూనిట్‌లో అప్పటికే ఉన్న ఆర్‌ఓ నీటిని రిన్స్ ట్యాంకులకు మళ్లించాము. ఈటీపీ చివర రెసిన్ పెట్టడం తప్పు అని నేను పదేపదే అనడానికి రెండో కారణం కూడా ఇదే, సున్నం వేసిన నీరు కాల్షియంతో నిండి ఉంటుంది.

కాలమ్, దాని నడక

500 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రెండు ఎఫ్ఆర్‌పీ (గాజునార ప్లాస్టిక్) కాలమ్‌లు, ఒక్కొక్కదానిలో 200 లీటర్ల రెసిన్, బెడ్ ఎత్తు సుమారు ఒక మీటరు. హైడ్రోజన్ రూపం నుంచి పూర్తి సోడియం రూపానికి మారితే ఈ రెసిన్ 30 శాతం దాకా ఉబ్బుతుంది. పైన చోటు లేకపోతే కాలమ్ మీద ఒత్తిడి పడి పూసలు చిట్లుతాయి. అందుకే బెడ్ ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తున్న కాలమ్‌లు తీసుకున్నాము. ముందు 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్ ఫిల్టరు, తడిపే రసాయనాలను పట్టే చిన్న కార్బన్ ఫిల్టరు ఉన్నాయి. కాలమ్‌లు వరుసగా కలిసి ఉంటాయి. మొదటిది 3 కిలోల నికెల్ పడుతుంది, అంటే 75 ఘనమీటర్ల నీరు, 375 బెడ్ వాల్యూమ్‌లు, ఐదు పనిదినాలకు కాస్త తక్కువ. దాని నుంచి నికెల్ జారడం మొదలైతే రెండోది అందుకుంటుంది. మొదటిదాన్ని రీజనరేట్ చేసి (ఆమ్లంతో కడిగి నికెల్‌ను వదిలించి) వెనక్కి చేరుస్తారు, వెనకది ముందుకు వస్తుంది.

మొదటి కాలమ్ తర్వాతి శాంపిల్ కుళాయి దగ్గర డైమిథైల్‌గ్లయాక్సిమ్ సీసా ఉంటుంది. ప్రతి షిఫ్టులో ఆపరేటర్ పరీక్షనాళికలో రంగు చూసి రిజిస్టరులో రాస్తాడు. గులాబీ కనిపిస్తే ఆ రోజు రీజనరేషన్. ఆన్‌లైన్ మీటర్లు ఖరీదు, చెడిపోతే బాగుచేసేవారు దొరకరు. ఈటీపీ ఆపరేటర్లకు మనం ఇచ్చే పరీక్ష వారి చేతిలో, వారి కంటికి తెలిసేలా ఉంటే వారు దాన్ని నిజంగా చేస్తారు, ఫలితాన్ని నమ్ముతారు. ఈ ప్లాంటు సజావుగా నడవడంలో రెసిన్‌కు ఎంత పాత్ర ఉందో ఆ సీసాకూ అంతే ఉందని నేను నమ్ముతాను.

రెసిన్‌ను ఏ అయాన్ రూపంలో ఉంచాలన్నది చాలామంది దాటవేసే విషయం. ఆమ్లంతో కడిగాక రెసిన్ హైడ్రోజన్ రూపంలో ఉంటుంది. అలాగే నీటిని పంపితే ఒక్కొక్క నికెల్ అయాన్‌కు రెండు హైడ్రోజన్లు బయటికి వస్తాయి, నీటి పీహెచ్ 3 కిందికి జారి రెసిన్ పట్టు పోతుంది. పూర్తి సోడియం రూపంలోకి తెస్తే దీనికి వ్యతిరేకం జరుగుతుంది, మొదటి నీటిలో పీహెచ్ 9 దాటి నికెల్ హైడ్రాక్సైడ్ పూసల మీదే పొరగా పేరుకుంటుంది. మధ్యే మార్గం సగం తటస్థీకరణ. 200 లీటర్ల రెసిన్ మొత్తం సామర్థ్యం సుమారు 440 ఈక్వివలెంట్లు. అందులో సగానికి 8.8 కిలోల కాస్టిక్ సోడా సరిపోతుంది. దాన్ని 4 శాతం ద్రావణంగా చేస్తే దాదాపు ఒక బెడ్ వాల్యూమ్ అవుతుంది. కాస్టిక్‌ను కింది నుంచి పైకి నెమ్మదిగా పంపి, తర్వాత గాలితో బెడ్‌ను కలపాలి. లేకపోతే ఒక చివర పూర్తి సోడియం, మరో చివర పూర్తి హైడ్రోజన్ మిగిలిపోతాయి.

రీజనరేషన్, దిగిన నికెల్

రెసిన్ కాలుష్యాన్ని నాశనం చేయదు, చెదిరి ఉన్నదాన్ని ఒకచోట కూడబెడుతుంది. కూడబెట్టిన దానికి గమ్యం ఏదో తేల్చకుండా కాలమ్ పెట్టించుకున్న యూనిట్లలో, రీజనరేషన్ ఆమ్లం మళ్లీ అదే ఈటీపీ సేకరణ ట్యాంకులోకి పోవడం నేను చూశాను. అప్పుడు నికెల్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది తప్ప బయటికి పోదు.

ఇక్కడి క్రమం ఇలా ఉంటుంది. ముందు బ్యాక్‌వాష్, తర్వాత ఆర్‌ఓ నీటితో నెమ్మదిగా కడగడం. ఈ కడుగును కుదించకూడదు. పూసల మధ్య నిలిచిన సిట్రేట్, ఫాస్ఫైట్ పూర్తిగా పోకపోతే నికెల్‌తో కలిసి వాట్స్ బాత్‌కు చేరతాయి. ఆపై 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 400 లీటర్లు, గంటసేపు. 98 శాతం ఆమ్లం లెక్కన ఇది సుమారు 43 కిలోలు. బయటికి వచ్చే ద్రవాన్ని మూడు భాగాలుగా విడదీస్తారు. మొదట వచ్చేది బెడ్‌లో ఉన్న నీరే, అది రిన్స్ ట్యాంకుకు తిరిగి పోతుంది. తర్వాత పారదర్శక గొట్టంలో రంగు ఒక్కసారిగా చిక్కటి పచ్చగా మారుతుంది, దాన్ని వేరే ట్యాంకులో పట్టాలి. మొత్తం 400 లీటర్లకు సగటు చూస్తే లీటరుకు 7.5 గ్రాములే, ఈ మధ్య భాగంలో మాత్రం దానికి రెట్టింపు దాకా ఉంటుంది. రంగు పలచబడ్డాక వచ్చే చివరి భాగంలో నికెల్ తక్కువ, వాడని ఆమ్లం ఎక్కువ. దాన్ని దాచి మరుసటి రీజనరేషన్‌కు మొదటి ఆమ్లంగా వాడితే కొత్త ఆమ్లం ఖర్చు బాగా తగ్గుతుంది.

మధ్య భాగానికి సోడా యాష్ కలిపి పీహెచ్ 8.5కు తెస్తే లేత ఆకుపచ్చ నికెల్ కార్బొనేట్ దిగుతుంది. పక్కనే సిట్రేట్ లేదు కనుక ఇప్పుడు అది ఏ ఇబ్బందీ లేకుండా దిగుతుంది. ఫిల్టర్ ప్రెస్‌లో వడకట్టి, కడిగి, ముద్దగా నిల్వ చేస్తారు. వాట్స్ బాత్ పీహెచ్ పెంచడానికి ప్లేటింగ్ పరిశ్రమలో వాడేది నికెల్ కార్బొనేట్‌నే. ఈ యూనిట్ ఇంతకుముందు దాన్ని బజారులో కొనేది. వారానికి ఐదున్నర, ఆరు రోజుల పని లెక్కన, ఏడాదికి 300 పనిదినాలనుకుంటే దొరికే నికెల్ 190 కిలోల పైచిలుకు. యజమాని ఈ పనిని చివరిదాకా ఆదరించడానికి కాలుష్య నియంత్రణ మండలి నోటీసు భయంతో పాటు ఈ లెక్క కూడా కారణమే. అందులో తప్పేమీ లేదు.

అయితే ముద్దను నేరుగా బాత్‌లో వేయనివ్వము. ఇమినోడైఅసిటేట్ అన్నిటికన్నా రాగిని ఎక్కువగా ఇష్టపడుతుంది. ఇత్తడి భాగాలు ఎలక్ట్రోలెస్ లైనుకు వచ్చిన వారాల్లో రిన్స్ నీటిలోని కొద్దిపాటి రాగి కూడా పూసల్లో పోగై, రీజనరేషన్‌లో నికెల్‌తో పాటే దిగుతుంది. రాగి ఎక్కువైన వాట్స్ బాత్ తక్కువ కరెంటు పడే మూలల్లో నల్లటి పూత వేస్తుంది. అందుకే ప్రతి ముద్ద నుంచి కొంచెం తీసి 267 మిల్లీలీటర్ల హల్ సెల్‌లో (పూత నాణ్యతను పరీక్షించే చిన్న తొట్టి) బాత్ ద్రావణంతో కలిపి పలక వేసి చూస్తారు. పలక చివర మెరుపు సమంగా ఉంటే ముద్ద బాత్‌కు, మసకబారితే రీసైక్లర్‌కు వెళ్తుంది.

నైట్రిక్ ఆమ్లం గురించి

ఎలక్ట్రోలెస్ ట్యాంకు గోడల మీద పడిన నికెల్‌ను కరిగించడానికి నైట్రిక్ ఆమ్లం వాడతారు. అది ఏ పరిస్థితిలోనూ ఈ రెసిన్‌ను తాకకూడదు. నైట్రిక్ ఆమ్లం వంటి బలమైన ఆక్సీకారకం సేంద్రియ పాలిమర్ పూసలతో కలిస్తే వేడి పుట్టి పేలుడుకు దారితీయవచ్చు. రెసిన్ తయారీదారులు ఈ హెచ్చరిక ముద్రిస్తారు, కానీ అది సాధారణంగా ఆంగ్లంలో, డేటా షీటు చివర, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ట్యాంకు కడిగిన నీరు రిన్స్ డ్రెయిన్‌లోకే పోయే పాత ఏర్పాటును తీయించి, దానికి వేరే పైపు, వేరే ట్యాంకు పెట్టించాము. రీజనరేషన్ పంపుకు సల్ఫ్యూరిక్ డ్రమ్ము తప్ప మరేదీ తగిలించలేని కనెక్టరు అమర్చాము. కాలమ్‌ల దగ్గర ఎర్రటి బోర్డు మీద తెలుగులోనూ హిందీలోనూ రాయించాము, ఎందుకంటే లైనులో పనిచేసేవారిలో సగం మంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఈ రచనలో మరేది వదిలేసినా, ప్లేటింగ్ షెడ్డులో రెసిన్ పెట్టేవారు ఈ ఒక్క పేరాను మాత్రం వదలకూడదు.

ఫలితం, పరిమితులు

కాలమ్‌ల తర్వాత ఈ లైను నీటిలో నికెల్ లీటరుకు అర మిల్లీగ్రాము లోపే నిలిచింది. సిట్రేట్ పట్టులో ఉన్న నికెల్ ఈటీపీకి చేరడం ఆగిపోవడంతో, అక్కడ మిగిలిన వాట్స్ లైను నీరు పాత పద్ధతిలోనే పీహెచ్ 10.5 దగ్గర చక్కగా దిగుతోంది. సున్నం మునుపటి స్థాయికి వచ్చింది, దుండిగల్‌కు వెళ్లే స్లడ్జ్ కూడా ఆ మేరకు తగ్గింది. కాలమ్ తర్వాతి నీటిలో కొంత భాగం మొదటి రిన్స్‌కు తిరిగి వెళుతుంది. మొత్తం తిప్పకపోవడానికి కారణం, సోడియం, సిట్రేట్, ఫాస్ఫైట్ పోగై వాల్వు బాడీల మీద మరకలు పడటం.

రెసిన్ చేయనిది ఏమిటో యజమానికి మొదటి రోజే చెప్పాము. అది లోహాన్నే పట్టుతుంది. సిట్రేట్, లాక్టేట్, హైపోఫాస్ఫైట్, ఫాస్ఫైట్ కాలమ్ దాటి యథాతథంగా బయటికి వస్తాయి, నీటి సీఓడీ (నీటిలోని పదార్థాలను ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) దాదాపు అలాగే ఉంటుంది. ఫాస్ఫైట్ సున్నంతో కొంతవరకు దిగుతుంది, హైపోఫాస్ఫైట్ దిగదు. సిట్రేట్‌ను బ్యాక్టీరియా తేలిగ్గా తింటుంది కనుక, నికెల్ పోయిన తర్వాత ఆ నీటిని జీవశుద్ధికి పంపడం ఇప్పుడు సాధ్యమైంది. నికెల్ ఉన్నంతకాలం అదే నీరు ఆ బ్యాక్టీరియాకు విషంగా ఉండేది.

ప్రస్తుతం గమనిస్తున్నది రెసిన్ వయసు. కాలమ్ తెరిచి పైపొర నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి పూసలు తీసి, ప్రయోగశాలలో పూర్తి ఆమ్లం, పూర్తి కాస్టిక్‌తో కడిగి రాగి పట్టే సామర్థ్యం కొలిపిస్తున్నాము. అడుగు పూసల కన్నా పైపొర పూసల్లో సామర్థ్యం ముందుగా తగ్గుతోంది. రిన్స్ నీటితో వచ్చే తడిపే రసాయనం అక్కడే పేరుకుంటోందని అనుమానం, అందుకే కార్బన్ ఫిల్టరును మరింత తరచుగా మారుస్తున్నారు. ఈ మధ్య యూనిట్‌వారు ఎలక్ట్రోలెస్ లైనుకు ముందున్న క్షార క్లీనరును మార్చాలనుకున్నారు. కొత్త క్లీనరు డబ్బా వెనక కూర్పు చదివితే అందులో ఈడీటీఏ ఉంది. ఆ నీరు రిన్స్ నీటితో కలిస్తే రెసిన్ పట్టవలసిన నికెల్ దాని చేతికి చిక్కకుండా జారిపోతుంది. క్లీనరు సరఫరాదారును గ్లూకోనేట్ ఆధారిత రకం శాంపిల్ అడిగాము. అది గాజు కాలమ్ పరీక్ష నెగ్గేదాకా పాత క్లీనరే కొనసాగుతుంది.